తుఫాను తీరం దాటే రాత్రి ఊళ్లో క్షేమంగా ఎలా ఉండాలి?

మిగతా రాష్ట్రంలో వానలు వెనక్కి తగ్గే వేళకి నెల్లూరు, ప్రకాశం తీరానికి అసలు వానాకాలం మొదలవుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో ఎక్కడ అల్పపీడనం పట్టినా మన పాలేల్లో ఒక చెవి రేడియో వైపే ఉంటుంది. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫాను ఎక్కడో థాయ్‌లాండ్ సింధుశాఖలో పుట్టింది. మలయా ద్వీపకల్పం దాటి, బంగాళాఖాతంలో బలం పుంజుకుని వచ్చి మన మీద పడింది. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుఫాను నెల్లూరు తీరాన్ని ఆనుకునే పైకి పాకి, 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది. మొదటిది గాలితో కొట్టింది, రెండోది వానతో ముంచింది. ఏది వచ్చినా తీరంలోనో, వాగు పక్కనో, చెరువు కిందో ఉన్న కుటుంబం ఏ రోజు ఏం చేయాలో ఇక్కడ రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు ఒక మాట మనసులో పెట్టుకోండి. ఇల్లు వదలాల్సిన వేళ గాలిని చూసి నిర్ణయించుకునేది కాదు, దారిని చూసి నిర్ణయించుకోవాలి.

హెచ్చరిక వినగానే ఏం చూడాలి

వాతావరణ శాఖ మాటల వెనక లెక్క ఉంది. గాలి గంటకు 31 నుంచి 49 కిలోమీటర్లుంటే వాయుగుండం, 61 దాకా తీవ్ర వాయుగుండం, 62 నుంచి తుఫాను, 89 నుంచి తీవ్ర తుఫాను, 118 దాటితే అతి తీవ్ర తుఫాను. 60తో వీచే గాలి 120 అయితే ఇంటి మీద పడే ఒత్తిడి రెండింతలు కాదు, నాలుగింతలు. అందుకే "పోయినసారి మా రేకులు ఆగాయి కదా" అన్న ధైర్యం పనికిరాదు. పోయినసారి ఎంత గాలికి ఆగాయో కనుక్కోండి.

కృష్ణపట్నం ఓడరేవులో ఎగరేసే ప్రమాద సూచికలకూ ఒక వరస ఉంది. 1, 2 అంటే తుఫాను ఇంకా దూరాన సముద్రంలో ఉంది. 3, 4 అంటే రేవు దాకా ఈదురుగాలి వచ్చే వీలుంది. 5 నుంచి 7 ప్రమాదం, 8 నుంచి 10 పెనుప్రమాదం. పదో నంబరు ఎగిరిందంటే తుఫాను ఆ రేవు మీదుగానో, దాన్ని ఆనుకునో పోతుందని. 11 అంటే హెచ్చరికలు పంపే కేంద్రంతోనే సంబంధాలు తెగిపోయాయని.

ఇక బులెటిన్లో మీరు వెతకాల్సింది, ఎక్కడ తీరం దాటుతుందన్న మాట. మన వైపు తుఫాను గాలి గడియారం ముల్లు తిరిగే దిశకు ఎదురు తిరుగుతుంది. తూర్పు నుంచి వచ్చే తుఫాను మీ ఊరికి దక్షిణాన, అంటే శ్రీహరికోట వైపో చెన్నై వైపో దాటుతుంటే మీకు గాలి సముద్రం మీది నుంచి కొడుతుంది, నీళ్లను తోసుకొస్తుంది. ఉప్పెన భయం అప్పుడే ఎక్కువ. మీకు ఉత్తరాన, బాపట్ల వైపో మచిలీపట్నం వైపో దాటుతుంటే గాలి నేల వైపు నుంచి వీస్తుంది, ఉప్పెన ముప్పు తగ్గుతుంది. వాన మాత్రం వదలదు. 1977 నవంబరు 19న దివిసీమలో వేలమందిని పొట్టన పెట్టుకున్నది ఉప్పెనే కాబట్టి ఈ తేడా తెలిసి ఉండాలి. అయితే దాటే చోటు చివరి రోజు కూడా మారుతుంది. బాపట్ల అన్నారు కదా అని అల్లూరు వాళ్లో కొత్తపట్నం వాళ్లో తలుపు తీసి పడుకోకూడదు.

దారి ఎప్పుడు తెగుతుందో లెక్క వేసుకోండి

మన తీరం వెంట బకింగ్‌హాం కాలవ ఉంది. సముద్రానికీ కాలవకీ మధ్య ఉన్న పాలేలకి బయటికి వచ్చే దారి ఒక వంతెనో, ఒక చప్టానో. ఉప్పుటేరు పోటెత్తితే, పైనుంచి వాగు నీళ్లు వచ్చి కాలవలో కలిస్తే ఆ దారి మునుగుతుంది. గాలి ఇంకా మొదలు కాకముందే అది జరగొచ్చు. మెట్ట ఊళ్లకి కూడా ఇదే లెక్క. మన్నేరు, పాలేరు, ముసి వాగుల మీది చప్టాలు నీళ్లెక్కితే ఊరు దీవి అయిపోతుంది.

కాబట్టి ఎండాకాలంలోనే ఒకసారి కూర్చుని ఆలోచించుకోండి. మీ ఇంటి నుంచి తుఫాను షెల్టరుకో, హైస్కూలు మిద్దెకో పోయే దారిలో అన్నిటికంటే పల్లం ఎక్కడ? అది మునగక ముందే దాటాలి, పగటి వెలుతురులో దాటాలి. రాత్రికి తీరం దాటుతుందంటే మధ్యాహ్నం అన్నం తిని బయల్దేరడమే మేలు. చప్టా మీద పారే నీళ్లు మోకాలి లోతే అనిపించినా బండి దించొద్దు. కింద రోడ్డు కోసుకుపోయిందో లేదో పైకి కనపడదు.

చెరువు కింద ఉండేవాళ్లు కలుజు (చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే చోటు) పారుతోందా, కట్ట మీద ఎక్కడైనా చెమ్మ దిగుతోందా అని ముందే చూసి రావాలి. కట్ట బయటి వైపు అడుగున బురద నీళ్లు ఊరుతున్నాయంటే కట్ట లోపల మట్టి కదులుతోందని అర్థం. వెంటనే గ్రామ సచివాలయంలో చెప్పి, కింది ఇళ్లవాళ్లను లేపండి.

పెన్నా పక్కన ఉండేవాళ్లకి ఇంకో జాగ్రత్త. మీ ఊళ్లో వాన ఆగినా కడప వైపు కురిసింది తర్వాత దిగుతుంది. 2021 నవంబరులో ఆ వరదే పడుగుపాడు దగ్గర రైలు కట్టను కోసి చెన్నై, విజయవాడల మధ్య రైళ్లు ఆపేసింది. సోమశిల గేట్లు ఎన్ని ఎత్తారన్న వార్త తుఫాను వెళ్లాక కూడా వింటూ ఉండండి.

రెండు రోజుల ముందు

వేటకు పోయినవాళ్లను వెనక్కి పిలిపించడం మొదటి పని. పట్టపుపాలేల్లో, అంటే జాలర్ల ఊళ్లలో, కాపులనే ఊరి పెద్దలు దురాయి (కట్టుబాటు) వేసి వేట ఆపితే ఒక్క పడవ కదలదు. అధికారుల మైకు కంటే ఆ మాటకే ఎక్కువ బలం. ఒడ్డుకు చేరిన ఫైబర్ బోటు ఇంజిను విప్పి ఇంటికి తెచ్చుకోండి. బోటును ఉప్పుటేరు మొగలో వదలకుండా ఇసకదిబ్బ ఎక్కించి కట్టండి. బోటు, ఇంజిను మీది నంబరు, వలలు ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. తర్వాత నష్టం రాయించేటప్పుడు అవే సాక్ష్యం.

పూరింటి కప్పుకు పాత వలకు మించిన కవచం లేదు. వలను కొప్పు (కప్పు నడినెత్తి) మీదుగా రెండు వైపులా పరిచి చూరు కిందికి దించాలి. చాలామంది వల అంచును చూరు వాసాలకే కట్టేస్తారు. గాలి లేపేది ఆ చూరునే, కప్పుతో పాటు వల కూడా లేచిపోతుంది. తాడును కిందికి తెచ్చి నేలలో కట్టాలి. గట్టి నేలైతే సరుగుడు గూటం దిగ్గొట్టండి, దాని తల ఇంటికి దూరంగా, బయటి వైపుకు వాలి ఉండాలి. ఇసక నేలలో గూటం నిలవదు. గోతాంలో ఇసక నింపి, మూతి బిగించి, నడుముకు తాడు చుట్టి మోకాలి లోతు గుంటలో అడ్డంగా పూడ్చి తొక్కండి. తాడు ఆ గోతానికి కడితే ఎంత లాగినా రాదు. నాలుగు మూలలకు నాలుగు, మధ్యలో రెండు వైపులా ఒక్కోటి ఉంటే చాలు.

రేకుల ఇంటి మీద రాళ్లు పెట్టొద్దు. రేకు లేచిందంటే ఆ రాయి ఎవరి తల మీద పడుతుందో తెలియదు. రెండు ఇసక మూటలను ఒకే తాడుకు చెరో కొసన కట్టి కొప్పు మీదుగా అటూ ఇటూ వేలాడదీయండి. మిద్దె మీది సింటెక్స్ ట్యాంకు ఖాళీగా ఉంటే ఎగిరిపోతుంది, నిండా నీళ్లు పట్టండి. కరెంటు పోతే నాలుగు రోజులు ఆ నీళ్లే ఆధారం. ఇంటి మీదికి వాలిన మునగ కొమ్మలు కొట్టేయండి, మునగ ఇట్టే విరుగుతుంది.

రొయ్యల గుంటలున్నవాళ్లు ఏరేటర్లు, మోటార్లు, స్టార్టరు పెట్టెలు గట్టు మీదికి తెచ్చి కరెంటు విప్పించాలి. గాలి వేళ మేత ఆపేయండి. వాన నీరు గుంటలో పైపొరగా నిలిచి ఉప్పుదనం తగ్గిస్తుంది కాబట్టి తూము పైపలక తీసి ఆ పైనీళ్లు మాత్రం పోయేలా చూడండి. తుఫాను రాత్రి గుంటల దగ్గర కాపలా మనిషిని ఉంచొద్దు. పంట పోతే మళ్లీ వేసుకోవచ్చు.

గొడ్లను కట్టేసి పోకండి. మెరక మీదికి తోలడానికి వీలు కాకపోతే పలుపు విప్పి వదిలేయండి. గొడ్డుకు ఈత వచ్చు, మెడకు తాడుంటేనే మునుగుతుంది.

నెలలు నిండిన గర్భిణులను, డయాలసిస్ చేయించుకునేవాళ్లను రెండు రోజుల ముందే కావలికో, నెల్లూరుకో, ఒంగోలుకో పంపండి. బీపీ, షుగరు మందులు వారానికి సరిపడా, ఆధార్, రేషన్ కార్డు, పట్టాదారు పాసుపుస్తకం, బ్యాంకు పుస్తకం పాలిథిన్ కవర్లో పెట్టి నడుముకు కట్టుకునేలా ఉంచుకోండి.

"నేను రాను" అనే పెద్దవాళ్లు

ప్రతి ఊళ్లో ఒక అవ్వ ఉంటుంది. "నువ్వు పో నాయనా, నేను ఈడనే ఉంటా, ఎన్ని గాలివానలు చూళ్లేదు" అంటుంది. ఆమెతో వాదనకు దిగొద్దు. చాలాసార్లు ఆమె భయం తుఫాను గురించి కాదు, మేక గురించో, బియ్యం డబ్బా గురించో, షెల్టరులో మరుగుదొడ్డి ఎలా ఉంటుందోనన్న బెంగో. ఏంటో అడిగి ఆ ఒక్కటి తీర్చండి. "అవ్వా, మేకను కూడా తోలుకుపోదాం, రా" అంటే లేచి వస్తుంది. మైకులో పది అనౌన్సుమెంట్లు చేయలేని పని మనవడు చేయి పట్టుకుంటే అవుతుంది. మీ వీధిలో ఒంటరిగా ఉన్నవాళ్లు ఎవరు, మంచం పట్టినవాళ్లు ఎవరు, ఎవరిని ఎవరు తీసుకెళ్లాలి అన్నది ముందు రోజే పంచుకోండి.

ఆ రాత్రి

షెల్టరులోనో, గట్టి మిద్దెలోనో ఉన్నారనుకుందాం. కిటికీలకు దూరంగా, లోపలి గదిలో ఉండండి. మెయిన్ ఆపండి, గ్యాస్ రెగ్యులేటరు తీసేయండి. గాలి లోపలికి వచ్చి పోవాలని కిటికీ తెరిచే అలవాటు మంచిది కాదు. గాలి ఇంట్లోకి దూరితే కప్పును లోపలి నుంచి పైకి తోస్తుంది. కప్పు లేస్తోందని అనిపిస్తే బలమైన మంచం కింద దూరి తల మీద బొంతలు కప్పుకోండి. జనరేటరు ఉంటే ఇంట్లో పెట్టి నడపొద్దు, ఆ పొగ నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

నానిన మట్టిగోడను నమ్మొద్దు. గాలివాన రాత్రుల్లో గోడ కూలి పోయే ప్రాణాలు చాలా. వాన ఆగిన మర్నాడు కూడా అవి కూలుతాయి. పిల్లల్ని వాటి పక్కన పడుకోబెట్టకండి.

ఒక్కోసారి అర్ధరాత్రి గాలి ఉన్నట్టుండి పడిపోతుంది. చుక్కలు కూడా కనపడొచ్చు. జనం "పోయింది" అనుకుని బయటికి వచ్చి రేకులు వెతుక్కుంటారు, పడవ చూసుకోవడానికి ఒడ్డుకు పోతారు. తుఫాను కన్ను, అంటే దాని నడిమధ్య గాలి లేని చోటు, మీ మీదుగా పోతోందంటే అంతే జరుగుతుంది. కొన్ని నిమిషాలు కావచ్చు, గంట కావచ్చు, గాలి మళ్లీ అదే జోరుతో ఎదురు దిక్కు నుంచి కొడుతుంది. అప్పటిదాకా ఒక వైపు గాలికి వాలిన చెట్లు ఇప్పుడు రెండో వైపుకు విరిగి పడతాయి. గాలి నేల వైపు నుంచి వీచినంతసేపూ వెనక్కి పోయిన సముద్రం ఇప్పుడు ముందుకు వస్తుంది. గుర్తు ఇది: గాలి తగ్గుతూ, ఆగి ఆగి, గంటల తరబడి పలచబడితే తుఫాను దాటిపోతోంది. ఉన్నట్టుండి ఆగిపోతే దాటలేదు. రేడియోలో చెప్పేదాకా తలుపు తీయకండి.

తెల్లారాక

తెగి పడిన కరెంటు తీగ దగ్గరికి, అది తగిలిన కంచె దగ్గరికి పోవద్దు. 1912కు చెప్పి, ఎవరూ తొక్కకుండా దూరంగా ఒకరిని నిలబెట్టండి. పాములు మెరక వెతుక్కుంటూ ఇళ్లలోకి వస్తాయి కాబట్టి కట్టెల మోపు, ఇటుకల కుప్ప చేత్తో కదపకుండా కర్రతో కదపండి. కాటు పడితే కట్లు, కోతలు వద్దు, కదలనీయకుండా 108లో ఆస్పత్రికి. బావిలోకి ఉప్పునీళ్లో వరద నీళ్లో దిగితే తోడించి, క్లోరిన్ వేయించాకే వాడండి. అప్పటిదాకా కాచి చల్లార్చిన నీళ్లే తాగండి. విరేచనాలు పట్టుకుంటే లీటరు నీళ్లలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, చెంచా అంచుకు మట్టంగా కొలిచి, కలిపి తాగించండి. సాయం కావాల్సి వస్తే జిల్లా కంట్రోల్ రూముకు 1077, రాష్ట్రానికి 1070, దేనికైనా 112. గొడ్లకు దెబ్బలు తగిలితే 1962.

నష్టం రాయించుకోవడం

శుభ్రం చేయక ముందే ఫొటోలు తీయండి. కప్పు పోయిన ఇల్లు, మునిగిన నారుమడి, పగిలిన బోటు, చచ్చిన గొడ్డు, అన్నీ. చచ్చిన గొడ్డును పశువైద్యుడు చూసి రాసేదాకా పూడ్చొద్దు. పంట బీమా ఉంటే 72 గంటల్లోగా తెలపాలి. ప్రభుత్వ పెట్టుబడి సాయానికి పంట 33 శాతమో అంతకు మించో పోయిందని లెక్కల్లోకి ఎక్కాలి, దానికి ఎవరు ఏ పంట వేశారో రాసే ఈ-క్రాప్‌లో మీ పేరు ముందే నమోదై ఉండాలి. కౌలుకు చేసేవాళ్లకి ఇక్కడే అన్యాయం జరుగుతుంది. పొలం యజమాని పేరు మీద నమోదైతే డబ్బు యజమాని ఖాతాకు పోతుంది, నాట్లు వేసినవాడు ఖాళీ చేతులతో మిగులుతాడు. కాబట్టి తుఫాను కోసం ఆగకుండా నాటు వేసిన వారంలోనే కౌలు కార్డుతో రైతు సేవా కేంద్రానికి పోయి మీ పేరు ఎక్కించుకోండి. నష్టపోయినవాళ్ల జాబితా సచివాలయం గోడకు అంటించిన రోజే వెళ్లి చూసి, పేరు లేకపోతే అక్కడే కాగితం మీద రాసిచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.