లామ్డా తగ్గించినా ఎలక్ట్రాన్లు చెదరడం లేదా? సమస్య - పరిష్కారం

సూర్యుడి నుంచి వచ్చే ఎలక్ట్రాన్ల ప్రయాణాన్ని కంప్యూటర్‌లో సిమ్యులేట్ చేసేవాళ్లకు ఇది. లామ్డా అంటే మీన్ ఫ్రీ పాత్, దిక్కు పూర్తిగా చెదిరేలోపు కణం సగటున పోయే దూరం.

సమస్య: 100 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల ఎలక్ట్రాన్లు భూమి దగ్గరికి మరీ తొందరగా వస్తున్నాయి

ముందు వేగం చూడండి. స్కూలు ఫార్ములాతో కడితే కాంతి వేగంలో 0.63 వంతు వస్తుంది. సాపేక్షత కలిపితే 0.55 వంతే. సౌర పవనం సెకనుకు 400 కిలోమీటర్లయితే పార్కర్ సర్పిలం (సూర్యుడి నుంచి చుట్ట తిరుగుతూ బయటికొచ్చే అయస్కాంత రేఖ) వెంట దారి సుమారు 1.15 ఏయూ (ఒక ఏయూ అంటే సూర్యుడి నుంచి భూమికి సగటు దూరం). 17 నిమిషాల లోపు ఒక్కటి కూడా రాకూడదు. వేగం సరిగ్గా ఉన్నా వస్తున్నాయంటే మీరు వాడుతున్నది మామూలు డిఫ్యూజన్ సమీకరణం, దానికి వేగ పరిమితి లేదు. ఫోకస్డ్ ట్రాన్స్‌పోర్ట్ సమీకరణానికి మారండి, అందులో ప్రతి కణం తన వేగంతోనే కదులుతుంది.

సమస్య: ఎంత సేపు నడిపినా ఎలక్ట్రాన్లు పోతున్న దిక్కుకే పోతున్నాయి

అందరూ మీన్ ఫ్రీ పాత్ లామ్డా మీద పడతారు. నేనూ మూడు వారాలు అదే తిప్పాను. లామ్డా తగ్గిస్తే చెదరడం పెరిగి దిక్కులు కలిసిపోవాలి కదా? నాకు మాత్రం పిచ్ యాంగిల్ (కణం దిక్కుకూ అయస్కాంత రేఖకూ మధ్య కోణం) కొసైన్, అంటే మ్యూ, ఇంకా తొందరగా +1 (రేఖ వెంట ముందుకు), −1 (వెనక్కి) దగ్గర పేరుకుపోయేది. అప్పటికైనా అనుమానం రావాల్సింది.

దొంగ ఎక్కడున్నాడంటే, సమీకరణంలో డిఫ్యూజన్ గుణకం డి (మ్యూ ఎంత జోరుగా చెదురుతుందో చెప్పేది) రెండు డెరివేటివ్‌ల మధ్య ఉంటుంది. దాన్ని ఒక్కో కణం యాదృచ్ఛిక నడకగా మార్చేటప్పుడు డి డెరివేటివ్ డ్రిఫ్ట్‌గా, అంటే కణాన్ని ఒక వైపు తోసే పదంగా, బయటికొస్తుంది. డి = డి0(1 − మ్యూ²) అయితే ప్రతి అడుగులో −2 × డి0 × మ్యూ × డీటీ కలపాలి (డీటీ అంటే ఒక్క అడుగుకు పట్టే సమయం). కొసల నుంచి కణాన్ని వెనక్కి లాగేది అదే. అది వదిలేస్తే, డి ఎక్కడ చిన్నదో కణాలు అక్కడే ఇరుక్కుంటాయి. ప్రోగ్రాం ఎర్రర్ ఇవ్వదు, గ్రాఫ్ కూడా చూడ్డానికి బాగానే ఉంటుంది.

ఐదు నిమిషాల పరీక్ష చెప్తాను, దయచేసి చేయండి. ఫోకసింగ్ (బలహీనపడే అయస్కాంత క్షేత్రం కణాలను రేఖ వెంట ముందుకు తిప్పడం) ఆపేసి, లక్ష కణాలను మ్యూలో సమానంగా పరిచి, చాలాసేపు నడిపి, 20 గడుల హిస్టోగ్రామ్ గీయండి. గడికి 5000 కణాలు రావాలి, ఓ 70 అటూ ఇటూ. చివరి గడులు ఉబ్బితే డ్రిఫ్ట్ పోయినట్టే. తర్వాతెప్పుడైనా డి రూపం మారిస్తే డెరివేటివ్ కూడా మార్చండి, రెండోసారి నేను దెబ్బతిన్నది అక్కడే.

మిగతావి

కణాల పిచ్ యాంగిల్ 90 డిగ్రీలు దాటకపోతే, మ్యూ సున్నా దగ్గర మీ డి సున్నా అవుతోంది. చిన్న స్థిరాంకం కలపండి. డీటీ పెద్దదైతే తగ్గించండి, ఒక్క అడుగులో మ్యూ 0.1 మించి మారితే నేను ఒప్పుకోను. అన్ని ప్రాసెసర్లకూ ఒకే ర్యాండమ్ సీడ్ (యాదృచ్ఛిక సంఖ్యల వరస మొదలయ్యే అంకె) ఇవ్వడం అరుదు, ఓసారి చూసి వదిలేయండి.