ఫ్లైట్ అటెండెంట్ అవ్వాలంటే ఏ ట్రైనింగ్ కావాలి, ఏ సర్టిఫికెట్ కావాలి?

ముందు ఒక విషయం తేల్చుకోండి. బయట ఇన్‌స్టిట్యూట్‌లో బోలెడంత ఫీజు కట్టి తెచ్చుకునే డిప్లొమా వేరు, విమానం ఎక్కి డ్యూటీ చేయడానికి కావాల్సిన అర్హత వేరు. ఈ రెండోదానికి కావాల్సిన శిక్షణ చాలాచోట్ల ఉద్యోగానికి ఎంపికయ్యాక ఎయిర్‌లైనే ఇస్తుంది. అమెరికాలో ఆ ట్రైనింగ్ పూర్తయ్యాకే ఎఫ్‌ఏఏ (అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ) సర్టిఫికెట్ వస్తుంది. ఐరోపా యూనియన్‌లో మాత్రం క్యాబిన్ క్రూ అటెస్టేషన్ (విమాన సిబ్బందిగా పనిచేసే అర్హత ఉందని చెప్పే ధ్రువపత్రం) ఉండాలి, దాన్ని అనుమతి ఉన్న శిక్షణ సంస్థలో ముందే చేసి పెట్టుకోవచ్చు. కాబట్టి డబ్బు కట్టేముందు మీరు ఎక్కడ పనిచేయాలనుకుంటున్నారో అక్కడి విమానయాన శాఖ నిబంధనలు చదవండి.

తర్వాత అర్హతలు చూసుకోండి. వయసు కనీసం 18, కొన్ని సంస్థలకు 21. చదువు పన్నెండో తరగతి దాకా ఉంటే చాలాచోట్ల సరిపోతుంది. పాస్‌పోర్టు, తడబడకుండా ఇంగ్లీషు, కొన్నిచోట్ల ఈత కూడా అడుగుతారు. ఎత్తు కన్నా చేయి ఎంతవరకు అందుతుందన్నదే చూసే సంస్థలున్నాయి, చెప్పులు విప్పి మునివేళ్ల మీద నిలబడి గోడ మీద గీత తాకాలి. పైన అరల్లో ఉండే అత్యవసర సామాన్లు చేతికందాలి కదా, అందుకు. ఇంటర్వ్యూ, మెడికల్, మీ గతం గురించిన విచారణ అయ్యాక ట్రైనింగ్‌కి పిలుస్తారు.

అసలు కష్టం ఇక్కడే. సాధారణంగా నాలుగు నుంచి ఎనిమిది వారాలు ఉంటుంది, అందులో భోజనం వడ్డించడం నేర్పేది కొంతే, మిగతాదంతా ప్రాణాలు కాపాడే పని. తలుపు తీసేముందు కిటికీలోంచి బయట మంటలున్నాయేమో చూడాలి, తెరిచాక పక్కనున్న పిడి పట్టుకుని స్లయిడ్ (కిందికి జారడానికి గాలితో ఉబ్బే జారుడుబల్ల) పూర్తిగా ఉబ్బిందో లేదో చూసి, అప్పుడు జనాన్ని దూకమని అరవాలి. ఈ వరుస నిద్రలో లేపి అడిగినా తప్పకూడదు. పెద్ద విమానాలకు అనుమతి ఇచ్చేటప్పుడే సగం ద్వారాలతో 90 సెకన్లలో అందరూ దిగగలరని నిరూపించాలి, మీ డ్రిల్స్ వెనక ఉన్నదీ ఆ లెక్కే. 2024 జనవరి 2న టోక్యో హనేడాలో మంటల్లో చిక్కుకున్న విమానంలోంచి 379 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. ఎనిమిది ద్వారాల్లో మూడే పనికొచ్చాయి, లోపలి మైకు పనిచేయకపోతే సిబ్బంది మెగాఫోన్‌తో, గొంతుతోనే దారి చూపించారు. ఆ వార్త చదివినప్పుడల్లా నాకు ఈ ఉద్యోగం మీద గౌరవం పెరుగుతుంది.

ఇంకా పొగలో మంట ఆర్పడం, నీళ్లలో లైఫ్ రాఫ్ట్ (గాలితో ఉబ్బే ప్రాణరక్షక తెప్ప) ఎక్కడం, ప్రమాదకర వస్తువులు గుర్తించడం ఉంటాయి. సీపీఆర్ (గుండె ఆగినవాళ్లకు చేసే ప్రథమ చికిత్స) తప్పనిసరి: పెద్దవాళ్లకు 30 సార్లు ఛాతీ నొక్కి 2 సార్లు ఊపిరి ఇవ్వాలి, వేగం నిమిషానికి 100 నుంచి 120. రాత పరీక్షల్లో పాస్ మార్కు బాగా ఎక్కువ, 80 శాతమో 90 శాతమో పెడతారు, అందుకే టెన్షన్ సహజం. ఏ రోజు పాఠం ఆ రోజే, అదీ పైకి అరుస్తూ ప్రాక్టీస్ చేయండి, మనసులో చదువుకుంటే డ్రిల్‌లో మాట రాదు.

అది దాటాక సీనియర్ల పర్యవేక్షణలో కొన్ని ఫ్లైట్లు చేయిస్తారు. మీ అర్హత ఏ రకం విమానం మీద శిక్షణ పొందారో దానికే, వేరే రకానికి మారితే మళ్లీ ట్రైనింగే. ఏటా రిఫ్రెషర్ పరీక్ష కూడా ఉంటుంది, అందులో తప్పితే మళ్లీ పాసయ్యేదాకా డ్యూటీ ఇవ్వరు.