డిసెంబరు వెళ్లేలోపు పాత స్నేహితుణ్ణి పలకరించడం ఎలా

నాలుగేళ్ల క్రితం డిసెంబరు చివరి వారంలో, ఆ ఏడాది సాధించినవన్నీ డైరీలో రాసుకున్నాను. ప్రమోషన్ వచ్చింది, లోన్ తీరింది, కొత్త కారు కొన్నాను. పేజీ నిండింది. ఎవరికైనా చెబుదామని ఫోన్ తీస్తే కాల్ లిస్టు నిండా ఆఫీసువాళ్లే. మూడేళ్లు ఒకే హాస్టల్ గదిలో ఉన్న స్నేహితుడికి నేను పెట్టిన ఆఖరి మెసేజ్ రెండేళ్ల కిందటిది: "తప్పకుండా కలుద్దాం రా." ఆ తర్వాత ఏమీ లేదు. ఆ రోజు నుంచి ప్రతి డిసెంబరులో ఈ పని చేస్తున్నాను. మీకూ ఒక సాయంత్రం చాలు.

ముందు ఫోన్ పక్కన పెట్టి, కాగితం మీద పేర్లు రాయండి. కాంటాక్ట్స్ చూడొద్దు. మంచి వార్త వినగానే ఎవరికి చెప్పాలనిపించిందో, కష్టంలో ఎవరు పక్కన ఉంటే బాగుండుననిపించిందో వాళ్లే. ఐదు పేర్లకు మించి రాకపోతే కంగారు పడకండి. మనిషికి బాగా దగ్గరగా ఉండేది సుమారు ఐదుగురేనని రాబిన్ డన్‌బార్ అనే శాస్త్రవేత్త కూడా చెప్పాడు. ఆ పేర్లలో ఆరు నెలలుగా మాట్లాడనివాళ్ల కింద గీత గీయండి.

ఇక మొదటి మెసేజ్. చాలామంది ఆగిపోయేది ఇక్కడే. ఫార్వర్డ్ చేసిన శుభాకాంక్షల బొమ్మ పంపొద్దు, అది అందరికీ వెళ్లేదని అవతలివాళ్లకు తెలుసు. ఉత్త "ఎలా ఉన్నావ్?" కూడా వద్దు, దానికి "బాగున్నా" తప్ప జవాబు రాదు. మీ ఇద్దరికే తెలిసిన ఒక సంగతి రాయండి. నేను రాసింది ఇది: "పరీక్ష ముందురోజు కరెంటు పోతే టార్చి పట్టుకుని నాకు లెక్కలు చెప్పావు. ఇవాళ మా అమ్మాయికి అదే లెక్క చెబుతుంటే గుర్తొచ్చావు. ఆదివారం సాయంత్రం ఆరింటికి ఫోన్ చేయనా?" రోజు, టైము చెప్పడం ముఖ్యం. "ఎప్పుడైనా" అంటే ఆ రోజు రాదు.

ఇన్నాళ్లకు గుర్తొచ్చామా అనుకుంటారేమోనని టెన్షన్ పడకండి. 2022లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనం దీన్నే పరిశీలించింది. పలకరించినవాళ్లు ఊహించినదానికన్నా పలకరింపు అందుకున్నవాళ్లే ఎక్కువ సంతోషించారు, అనుకోకుండా వస్తే ఇంకా ఎక్కువ.

ఫోన్‌లో క్షమాపణ ఒక్క మాటలో ముగించి, అడిగి వినండి. నా డైరీ పేజీ సంగతి నేను ఎత్తనేలేదు, ఎత్తనందుకు ఇప్పటికీ సంతోషిస్తాను. ఇరవై నిమిషాలయ్యాక వాడు చెప్పాడు, వాళ్ల నాన్న పోయి ఏడాదిన్నర అయిందని. హాస్టల్‌కి వచ్చినప్పుడల్లా వాడి దుప్పటితో పాటు నా దుప్పటి కూడా మడతపెట్టి వెళ్లిన మనిషి. "నువ్వు బిజీగా ఉంటావని చెప్పలేదురా" అన్నాడు. కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేకపోయాం. ఫోన్ మాత్రం ఎవరం పెట్టలేదు.

జవాబు రాకపోతే రెండు వారాలాగి మరోసారి రాయండి. అప్పటికీ రాకపోతే వదిలేయండి. మధ్యలో డబ్బు బాకీ ఉంటే ఆ మాట ఈ ఫోన్‌లో తేవొద్దు. మిమ్మల్ని పదేపదే బాధపెట్టినవాళ్లను ఈ కాగితం మీదకు ఎక్కించాల్సిన పనే లేదు.

పని ఒత్తిడి తగ్గాక చూద్దాం అనేవాళ్లకు ఒక మాట. హార్వర్డ్ పరిశోధకులు 1938లో మొదలుపెట్టి 724 మంది జీవితాలను దశాబ్దాలపాటు గమనించారు. 80 ఏళ్ల వయసులో ఎవరు ఆరోగ్యంగా ఉంటారన్నది, 50లో వాళ్ల కొలెస్ట్రాల్ కన్నా, తమ అనుబంధాల్లో వాళ్లు ఎంత తృప్తిగా ఉన్నారన్నదే బాగా చెప్పింది. ఒత్తిడి తగ్గేదాకా ఆగితే ఆ 50 దాటిపోవచ్చు.

ఫోన్ పెట్టేముందు తర్వాతి తేదీ అనుకుని, కొత్త క్యాలెండర్‌లో అక్కడికక్కడే రాసుకోండి. మేం నెలలో మొదటి ఆదివారం అనుకున్నాం, ఒకసారి నేను, ఒకసారి వాడు. జనవరిలో వాడి వంతు.