పండుగ నవలా రచన – ఐదవ పాఠం: తోబుట్టువుల మధ్య మాట మళ్లీ కలిసే ఘట్టం

గత పాఠం ముగిసేసరికి మన నవలకు ఒక ఇల్లు, పండుగ చుట్టూ ఆరు రోజుల కాలం, ఆ ఇంటికి చేరుకునే మనుషులు ఏర్పడ్డారు. తండ్రి మంచాన పడిన రోజులన్నీ దగ్గరుండి చూసుకున్న తమ్ముడు, దూరాన ఉద్యోగం చేసుకుంటూ వైద్యానికి డబ్బు పంపిన అక్క, తండ్రి పోయాక ఎనిమిదేళ్లుగా మాటలు లేని ఆ ఇద్దరినీ పండుగ పేరుతో ఒకే కప్పు కిందికి రప్పించిన తల్లి మన ప్రధాన పాత్రలు. వారి మధ్య మాట మళ్లీ ఎలా కలుస్తుందో రాయడమే ఈ పాఠం. ఇటువంటి హాయి గొలిపే నవలను చేతికి తీసుకున్న పాఠకుడికి చివరకు వారు కలుస్తారని మొదటి పుటలోనే తెలుసు గనుక, ముగింపును దాచి ఉత్కంఠ పుట్టించే వీలు మనకు లేదు. ఒక్కొక్క మెట్టునూ నమ్మదగినదిగా కట్టుకుంటూ పోవడమే మనం చేయగలిగిన పని.

ముందుగా మీరు ఎంచుకున్న తగాదా కారణాన్ని మళ్లీ ఒకసారి పరీక్షించండి. అందని ఉత్తరం, పొరపాటుగా విన్న మాట, మూడో మనిషి పెట్టిన పుల్ల వంటి వాటి మీద కథను నిలబెట్టినవారు దయచేసి ఇక్కడే ఆగి దాన్ని మార్చుకోవాలని నా గట్టి సలహా. అపార్థం ఒక్కటే కారణమైతే అయిదు నిమిషాల సంభాషణతో అది తొలగిపోతుంది. అప్పుడు ఇన్నేళ్లూ ఆ అయిదు నిమిషాలు ఎందుకు దొరకలేదని పాఠకుడు అడుగుతాడు, దానికి మన దగ్గర సమాధానం ఉండదు. గాయం నిజమైనదై ఉండాలి, ఇద్దరి వైపూ కొంత న్యాయం ఉండాలి. భారమంతా తన మీదే పడిందని తమ్ముడు అనుకోవడం నిజమే. రమ్మని తనను ఎవరూ పిలవలేదని, డబ్బు మాత్రమే అడిగారని అక్క అనుకోవడమూ నిజమే.

ఈ విషయంలో కార్నెల్ విశ్వవిద్యాలయ సమాజశాస్త్రవేత్త కార్ల్ పిల్లెమర్ 2020లో ప్రచురించిన పరిశోధన నవలాకారులకు ఎంతో ఉపయోగపడుతుంది. అమెరికాలో 1,340 మంది వయోజనులను ప్రశ్నించినప్పుడు వారిలో 27 శాతం మంది తమ బంధువులలో ఎవరో ఒకరితో సంబంధాలు తెగిపోయాయని చెప్పారు. అంతకన్నా మనకు ముఖ్యమైనది, తిరిగి కలిసినవారితో ఆయన జరిపిన సంభాషణలలో తేలిన సంగతి: గతంలో జరిగినదాన్ని తాము చూసినట్టే అవతలివారూ చూడాలన్న పట్టుదలను వదులుకున్నాకే వారిలో చాలామందికి సఖ్యత సాధ్యమైంది. మన నవల పతాక సన్నివేశానికి ఇదే ఆధారం. ఒకరు తప్పు ఒప్పుకుని ఏడవడం, మరొకరు క్షమించడం అనే అలవాటైన ఘట్టం కన్నా, రెండు కథనాలూ చెక్కుచెదరకుండా నిలిచి ఉండగానే ఇద్దరూ దగ్గర కావడం ఎక్కువ నిజంగా ఉంటుంది, ఎక్కువ కదిలిస్తుంది కూడా.

ఇక మాటల సంగతికి వద్దాము. మాటలు లేని తోబుట్టువులు ఒకే ఇంట్లో ఉన్నప్పుడు మొదట మూడో మనిషి ద్వారానే మాట్లాడుకుంటారు. తమ్ముడు ఎదురుగానే ఉన్నా అక్క తల్లితో, “అమ్మా, పై గది తాళంచెవి ఎక్కడుందో కాస్త కనుక్కో,” అంటుంది. అతడూ తల పైకెత్తకుండా, “మేకుకే ఉందని చెప్పమ్మా,” అంటాడు. ఈ దశను తొందరగా దాటకండి. తల్లి మధ్యలో నలిగే తీరులోనే ఇంటి చరిత్ర అంతా బయటపడుతుంది. రెండో దశలో మాటలు నేరుగానే సాగుతాయి గాని వస్తువుల చుట్టూనే తిరుగుతాయి. “నిచ్చెన కావాలి.” “గోడ వెనకాల ఉంది.” పిలుపు ఉండదు, అవసరానికి మించి ఒక్క అక్షరం ఉండదు. మూడో దశలో ఏ అవసరమూ లేని ప్రశ్న ఒకటి వస్తుంది. “రాత్రి నిద్ర పట్టిందా?” అని అతడు అడిగిన క్షణమే నవలకు అసలైన మలుపు. ఆ ప్రశ్నకు ముందు గాని వెనుక గాని వ్యాఖ్యానం రాయకండి, అతడి గొంతు వణికిందని చెప్పకండి. అప్పటివరకు రెండు దశలనూ ఓపికగా రాసి ఉంటే పాఠకుడే దాని బరువును గుర్తిస్తాడు.

పండుగ ఈ మెట్లన్నిటికీ పనికివస్తుంది. దానికి గడువు ఉంది, ఆ లోపల పూర్తికావలసిన పనులున్నాయి, మధ్యలో వెళ్లిపోతే తల్లి మనసు కష్టపడుతుంది. ఇద్దరు లేనిదే జరగని పనిని వెతకండి. అటక మీది పెట్టెలను దించడానికి ఒకరు నిచ్చెన ఎక్కాలి, ఒకరు కింద పట్టుకోవాలి. పెట్టె మూత మీద లోపల ఏముందో తెలిపే తండ్రి చేతిరాత కనిపిస్తే, దాని గురించి ఎవరూ ఏమీ అనకపోయినా ఆయన ఆ గదిలోకి వచ్చినట్టే.

ఇరవై నాలుగు అధ్యాయాల నవలలో ఆ అవసరం లేని ప్రశ్న పది, పన్నెండు అధ్యాయాల మధ్య పడితే బాగుంటుంది. దాని తరువాత కొంత చనువు, పదిహేడవ అధ్యాయం దగ్గర పాత గాయం మళ్లీ రేగడం, ఇరవైలో నిజమైన కలయిక.

ఆ కలయికకు ఒక నమూనా ఇది:

“నువ్వు రాలేదన్న కోపం నాకింకా పోలేదక్కా.”

“తెలుసు. ఒక్కసారైనా రమ్మనలేదన్న బాధ నాకూ పోలేదు.”

“రేపు ఎన్నింటికి నీ రైలు?”

“టికెట్టు మార్చుకున్నాను. ఇంకో రెండు రోజులుంటాను.”

ఇక్కడ ఎవరూ వెనక్కి తగ్గలేదు, ఎవరూ క్షమాపణ అడగలేదు. అయినా ఎనిమిదేళ్ల తరువాత “అక్కా” అన్నాడు, ఆమె ఉండిపోయింది. ఈ రెండు చాలు.

అభ్యాసంగా, తండ్రి చివరి వారాన్ని తమ్ముడి దృష్టి నుంచి ఒక పుట, అక్క దృష్టి నుంచి ఒక పుట రాయండి; ఏ పుటలోనూ అవతలివారు దుర్మార్గులుగా కనిపించకూడదు. వాటిని నమ్మకమైన మిత్రునికి ఇచ్చి, ఎవరిది న్యాయమని అడగండి. తడుముకోకుండా జవాబు చెబితే ఓడిపోయినవారి పుటను మళ్లీ రాయండి. ఆరవ పాఠంలో కలయిక తరువాతి నాలుగు అధ్యాయాలను, ముఖ్యంగా ఇన్నాళ్లూ మధ్యవర్తిగా బతికిన తల్లికి ఆ పని తప్పిపోయినప్పుడు ఏమవుతుందో చూస్తాము గనుక, ఈ రెండు పుటలను అప్పటికి సిద్ధంగా ఉంచుకోండి.