నెలవారీ చందా మీద నడిచే చిన్న వెబ్ సాఫ్ట్‌వేర్: తయారీ, అమ్మకం

కోడ్ బాగా రాయగలిగినవాళ్లు కూడా వెబ్ సాఫ్ట్‌వేర్ అమ్మకంలో దెబ్బతింటుంటారు. ప్రోడక్ట్ పనిచేస్తూనే ఉంటుంది. డబ్బు వసూలయ్యే దారి, మెయిల్ చేరే దారి మాత్రం ఎక్కడో తెగి ఉంటాయి. ఫీచర్లు తర్వాతైనా పెట్టుకోవచ్చు. ఈ రెండూ మొదటి కస్టమర్ వచ్చేసరికే గట్టిగా ఉండాలి. అందుకే ఇక్కడ వాటికే ఎక్కువ చోటిచ్చాం.

కోడ్‌కి ముందు

ముందు ఒకే ఒక పేజీ పెట్టండి. ఇది ఎవరికోసం, ఏ పని తగ్గుతుంది, నెలకు ఎంత అన్న మూడు సంగతులూ అందులో ఉండాలి. కింద మెయిల్ ఐడీ తీసుకునే ఫారం. ధర రాయని పేజీ వల్ల తెలిసేదేమీ లేదు: ఉచితమనుకుని చేరేవాళ్లూ నిజంగా కొనేవాళ్లూ ఒకే లెక్కలో కలిసిపోతారు.

చేరినవాళ్లతో మాట్లాడేటప్పుడు "ఇలాంటిది ఉంటే వాడతారా?" అని అడగకండి. మొహమాటానికి అందరూ వాడతామనే అంటారు. "పోయినసారి ఈ పని ఎలా చేశారు? ఎంతసేపు పట్టింది?" అని అడిగి, వీలైతే వాళ్లు వాడే స్ప్రెడ్‌షీట్ చూపించమనండి. మీ డేటాబేస్‌లో ఉండాల్సిన కాలమ్‌లు చాలావరకు అందులోనే దొరుకుతాయి.

కట్టేటప్పుడు

భాష, ఫ్రేమ్‌వర్క్ మీకు బాగా వచ్చినవే వాడండి. దాని మీద వారాల తరబడి చర్చ దండగ. తర్వాత మార్చాలంటే ప్రాణం తీసేవి వేరే ఉన్నాయి. కస్టమర్ డేటా ఉండే ప్రతి టేబుల్‌లోనూ మొదటి నుంచే అకౌంట్ ఐడీ కాలమ్ ఉండాలి. ఒక్క క్వెరీలో ఆ ఫిల్టర్ మర్చిపోతే ఒకరి డేటా ఇంకొకరికి కనిపిస్తుంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వాడుతుంటే రో లెవెల్ సెక్యూరిటీ (ఎవరు ఏ వరసలు చూడొచ్చో పాలసీలు పెట్టి డేటాబేసే కాపలా కాసే పద్ధతి) పెట్టుకోండి, అది 9.5 వెర్షన్ నుంచీ ఉంది. అయితే ఒక మెలిక: టేబుల్ ఓనర్‌కి, అంటే మామూలుగా దాన్ని సృష్టించిన డేటాబేస్ యూజర్‌కి, ఆ పాలసీలు మామూలుగా వర్తించవు. అప్లికేషన్ ఓనర్ లాగిన్‌తోనే కనెక్ట్ అవుతుంటే రక్షణ ఉందనుకుంటారు గానీ ఉండదు. వేరే యూజర్‌తో కనెక్ట్ అవ్వండి.

డబ్బును దశాంశాల్లో కాకుండా, ఆ కరెన్సీలోని అతి చిన్న ప్రమాణంలో పూర్ణాంకంగా దాచండి. సమయాన్ని యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయం) దాచి, చూపించేటప్పుడు మార్చండి. బ్యాకప్‌ని ఖాళీ సర్వర్ మీద ఒకసారి తిరిగి ఎక్కించి చూసేదాకా అది బ్యాకప్ అని నమ్మకండి.

ఇక బిల్లింగ్. కార్డు వివరాలు మీ సర్వర్‌కి రానివ్వకండి, ఆ పని పేమెంట్ కంపెనీ పేజీకే వదిలేయండి. చెల్లింపు జరిగిందన్న కబురు మీకు వెబ్‌హుక్ రూపంలో, అంటే వాళ్ల సర్వర్ తనంతట తానే మీ సర్వర్‌కి పంపే సందేశంగా వస్తుంది. అసలు చిక్కులన్నీ ఇక్కడే. ఒకే కబురు రెండుసార్లు రావచ్చు. "చందా రద్దయింది" అన్నది "చందా మొదలైంది" కన్నా ముందే రావచ్చు. మీ సర్వర్ జవాబు ఆలస్యం చేస్తే, చేరలేదనుకుని వాళ్లు మళ్లీ పంపుతారు. కాబట్టి ముందు కబురు వాళ్లే పంపారని చెప్పే డిజిటల్ సంతకం సరిచూడండి, ఆ కబురు నంబరును (ఈవెంట్ ఐడీ) ఒకే విలువ రెండుసార్లు పట్టని యూనిక్ కాలమ్‌లో దాచండి, వెంటనే 200 (అందింది అనే కోడ్) జవాబివ్వండి, మిగతా పని క్యూలో చేయండి. ఆ పని చేసేటప్పుడు కబురులో ఉన్న స్థితిని నమ్మకుండా, చందా ఇప్పుడెలా ఉందో పేమెంట్ కంపెనీ ఏపీఐని (ఒక ప్రోగ్రామ్ ఇంకో ప్రోగ్రామ్‌ని వివరాలు అడిగే దారి) అడగండి. అప్పుడు వరస తప్పినా నష్టం లేదు.

కార్డు గడువు తీరి చెల్లింపు ఆగిన కస్టమర్ మిమ్మల్ని వదిలి వెళ్లినట్టు కాదు. ఆ రోజే అకౌంట్ మూసేయకండి. రెండు వారాల్లో మూడు నాలుగుసార్లు మళ్లీ ప్రయత్నిస్తూ, ప్రతిసారీ కార్డు మార్చుకునే లింకుతో మెయిల్ పంపండి. ఆ తర్వాత కూడా డేటా చదవనిచ్చి, రాయడం మాత్రం ఆపండి.

లెక్క

నెలకు నూటికి 5 మంది వెళ్లిపోతుంటే, ఇవాళ ఉన్న 100 మందిలో ఏడాదికి మిగిలేది 54 మంది. 3 మందే వెళ్తే 69 మంది మిగులుతారు. ఇంకో లెక్క ఇంకా కఠినం: నెలకు 10 మంది కొత్తవాళ్లొస్తూ, 5 శాతం వెళ్లిపోతుంటే మీ కస్టమర్ల సంఖ్య 200 దగ్గర ఆగిపోతుంది, ఎన్నేళ్లయినా అంతే. పోయేవాళ్లు సగానికి తగ్గితే ఆ హద్దు 400 అవుతుంది. నెలకొచ్చే కొత్తవాళ్లను వెళ్లిపోయే శాతంతో భాగిస్తే వచ్చేదే ఆ హద్దు; ప్రకటనలకు డబ్బు పెట్టేముందు ఈ భాగహారం చేసుకోండి.

మెయిల్

పాస్‌వర్డ్ మార్చుకునే మెయిల్ స్పామ్‌లో పడితే సాఫ్ట్‌వేర్ ఎంత బాగున్నా పుట్టి మునుగుతుంది. మీ డొమైన్ వివరాలుండే డీఎన్ఎస్‌లో మూడు రికార్డులు కావాలి: ఎస్‌పీఎఫ్ (మీ పేరుతో మెయిల్ పంపగల సర్వర్ల జాబితా), డీకిమ్ (మెయిల్ మీది డిజిటల్ సంతకం సరిచూసే తాళంచెవి), డీమార్క్ (ఈ పరీక్షలు తప్పిన మెయిల్‌ని ఏం చేయాలో చెప్పే పాలసీ). ఎక్కువగా జరిగే పొరపాటు ఎస్‌పీఎఫ్‌లోనే. కొత్త మెయిల్ సర్వీసు చేర్చేటప్పుడు పాత రికార్డు పక్కన ఇంకో రికార్డు పెట్టేస్తారు. ఒక డొమైన్‌కి ఒకటే ఉండాలి. రెండుంటే రెండూ చెల్లవు. ఉన్న ఒక్కదానిలోనూ డీఎన్ఎస్ వెతుకులాటలు 10 దాటకూడదు. డీమార్క్‌ని ముందు "నన్" (ఏమీ చేయొద్దు) పాలసీతో పెట్టి, వచ్చే రిపోర్టులు కొన్ని వారాలు చదివాకే "క్వారంటైన్" (స్పామ్‌లో వేయి), ఆపైన "రిజెక్ట్" (తిప్పికొట్టు) చేయండి. తొందరపడితే మీరు మర్చిపోయిన ఏదో పాత ఫారం పంపే మెయిల్స్ మాయమవుతాయి.

లావాదేవీల మెయిల్ (పాస్‌వర్డ్, బిల్లు లాంటివి) ఒక సబ్‌డొమైన్ నుంచి, వార్తల మెయిల్ ఇంకో సబ్‌డొమైన్ నుంచి పంపండి. వార్తల మెయిల్ మీద వచ్చే ఫిర్యాదులు లావాదేవీల మెయిల్‌కి అంత తేలిగ్గా అంటవు. జీమెయిల్ అడ్రసులకు రోజుకు 5,000 మించి పంపేవాళ్లకు 2024 ఫిబ్రవరి నుంచి ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ తప్పనిసరి. ప్రచార మెయిల్స్‌కైతే ఒక్క క్లిక్‌తో వైదొలగే సదుపాయమూ ఉండాలి. స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు, 0.1 లోపే ఉంచమని గూగుల్ చెబుతుంది. అంత పెద్ద సంఖ్య లేకపోయినా ఇవన్నీ పాటించడమే మంచిది.

ఇంకో తెలియని గోతి ఉంది. కొన్ని ఆఫీసుల సెక్యూరిటీ స్కానర్లు మెయిల్‌లోని ప్రతి లింకునూ మనిషికన్నా ముందే తెరుస్తాయి. ఒక్కసారే పనిచేసే లాగిన్ లింకు అయితే యూజర్ నొక్కేసరికి ఖర్చైపోతుంది. లింకు తెరిచాక ఒక బటన్ చూపించి, అది నొక్కితేనే లాగిన్ అయ్యేలా చేయండి.

చదివేవాళ్లు ఎక్కడున్నారు

2013 జులైలో గూగుల్ రీడర్ (వేర్వేరు సైట్ల కొత్త పోస్టులను ఒకేచోట చదివించే సర్వీసు) మూతపడింది. 2018 జనవరిలో ఫేస్‌బుక్ తన ఫీడ్‌లో పేజీల పోస్టులను తగ్గించి, స్నేహితులవి ముందుకు తెచ్చింది. 2023లో ట్విటర్ తన పాత ఉచిత ఏపీఐకి నీళ్లొదిలింది. 2024 మేలో గూగుల్ వెతుకులాట ఫలితాల పైన ఏఐ జవాబులు చూపించడం మొదలుపెట్టింది. ప్రతిసారీ ఆ ఒక్క దారినే నమ్ముకున్నవాళ్లు నష్టపోయారు. ఆ వేదికల మీద రాయండి, తప్పు లేదు. కానీ ప్రతి పోస్టూ చదివినవాళ్లను మీ మెయిల్ జాబితాకి తేవాలి. చేరినవాళ్లకు నిర్ధారణ మెయిల్ పంపి, నొక్కినవాళ్లనే ఉంచండి. జాబితా చిన్నదవుతుంది గానీ ఫిర్యాదులు తగ్గుతాయి.

"ఫలానాది అంటే ఏమిటి" తరహా వ్యాసాలకు ఇప్పుడు పెద్దగా విలువ లేదు, జవాబు పైనే దొరుకుతుంటే ఎవరూ కిందికి రారు. పని జరిగే పేజీలు రాయండి: ఒక లెక్క వేసిచ్చే పేజీ, ఫైల్ మార్చిచ్చే పేజీ, ఫలానా పాత టూల్ నుంచి డేటా ఎలా తెచ్చుకోవాలో స్క్రీన్‌షాట్లతో చెప్పే పేజీ. ఈ పేజీలను యాప్‌లో కలపకుండా మామూలు హెచ్‌టీఎమ్‌ఎల్‌గా పెట్టండి. జావాస్క్రిప్ట్ నడపని క్రాలర్లకు (సెర్చ్ కోసం పేజీలు చదివే ప్రోగ్రామ్‌లకు) ఖాళీ పేజీ కనిపించకూడదు కదా. ముఖ్యమైన భాగం 2.5 సెకన్లలోపు తెరమీదికి రావాలి.

మెయిల్ తెరిచినవాళ్ల శాతం చూసి మురిసిపోకండి. 2021 సెప్టెంబర్‌లో ఐఓఎస్ 15 వచ్చినప్పటి నుంచి, ఆపిల్ మెయిల్‌లో ప్రైవసీ రక్షణ ఎంచుకున్నవాళ్లకు బొమ్మలన్నీ ముందే దిగిపోతాయి. మెయిల్‌లోని ఒక చిన్న బొమ్మ దిగడాన్నే తెరిచినట్టు లెక్కేస్తారు కాబట్టి, చదవని మెయిల్ కూడా తెరిచినట్టే లెక్కలోకి వస్తుంది. తిరుగు జవాబులు, ట్రయల్‌కి వచ్చినవాళ్లు, డబ్బు కట్టినవాళ్లు, ఈ మూడే లెక్కపెట్టండి. ఎక్కడి నుంచి వచ్చారో ట్రాకింగ్ కోడ్ సగమే చెబుతుంది, సైన్‌అప్ ఫారంలో "మా గురించి ఎక్కడ తెలిసింది?" అని ఒక ఖాళీ గడి పెట్టండి. డ్రాప్‌డౌన్ వద్దు, పెడితే చాలామంది మొదటి ఆప్షనే నొక్కి వెళ్లిపోతారు.