ఇంటి డిడక్షన్లు: అమెరికాలో రిటర్న్ ఫైల్ చేసే ముందు

2025 రిటర్న్‌కి కూర్చునే ముందు, షెడ్యూల్ ఎ (ఖర్చులు విడివిడిగా చూపించే ఫారం) నింపితే నిజంగా ఎంత మిగులుతుందో లెక్క వేసుకోండి. జంటగా ఫైల్ చేస్తే స్టాండర్డ్ డిడక్షన్ (విడి ఖర్చులు చూపకుండానే తీసుకునే మినహాయింపు) 31,500 డాలర్లు. టెక్సస్‌లో ఇంటి లోన్ వడ్డీ 24,000, ప్రాపర్టీ ట్యాక్స్ 9,000 కట్టారనుకుందాం, మొత్తం 33,000. అదనంగా కలిసొచ్చేది 1,500 మాత్రమే. 22 శాతం శ్లాబులో 330 డాలర్ల పన్ను తగ్గుతుంది. అక్కడ స్టేట్ ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు కాబట్టి సేల్స్ ట్యాక్స్ కూడా చూపించొచ్చు. చాలామంది ఇది వదిలేస్తారు.

న్యూజెర్సీ లాంటి పన్నులు ఎక్కువగా ఉండే చోట్ల ఉన్నవాళ్లు మాత్రం కొత్తగా లెక్క వేసుకోవాల్సిందే. స్టేట్, లోకల్ పన్నుల మీద 10,000గా ఉన్న పరిమితి 2025కి 40,000 అయింది. ఆదాయం 5 లక్షల డాలర్లు దాటితే అది మళ్లీ తగ్గుతూ వస్తుంది.

ఎక్కువ తప్పులు ఎస్క్రో (పన్ను, ఇన్సూరెన్స్ కోసం లోన్ కంపెనీ దగ్గర డబ్బు జమచేసే ఖాతా) దగ్గరే జరుగుతాయి. నెలనెలా ఎస్క్రోలో వేసిన డబ్బు డిడక్షన్ కాదు, అందులోంచి కౌంటీకి ఆ ఏడాది కట్టిందే లెక్క. 1098 ఫారంలో (లోన్ కంపెనీ పంపే వడ్డీ లెక్క) ఆ అంకె లేకపోతే ఎస్క్రో స్టేట్‌మెంట్‌లోనో కౌంటీ వెబ్‌సైట్‌లోనో చూడండి. ఇల్లు జూలై మొదట్లో కొని, ఏడాది బిల్లు 9,000 మీరే కట్టినా, మీ వాటా సుమారు సగమే. మిగతాది అమ్మినవాళ్లది, దానికి క్రెడిట్ క్లోజింగ్ (ఇల్లు చేతులు మారే) రోజునే మీకు ఇచ్చేసి ఉంటారు.

లోన్ మధ్యలో వేరే కంపెనీకి అమ్ముడుపోతే రెండు 1098లు వస్తాయి. వడ్డీ రెండూ కలపాలి, బాకీ మాత్రం కలపకూడదు. 4.2 లక్షలు, 4.15 లక్షలు అని విడివిడిగా ఎక్కిస్తే, కొన్నిసార్లు సాఫ్ట్‌వేర్ 8.35 లక్షల లోన్ అనుకుని వడ్డీ చెల్లే లోన్‌కి ఉన్న 7.5 లక్షల పరిమితి కింద మీ వడ్డీ కోసేస్తుంది. ఈ తప్పు పైకి కనపడదు, అందుకే షెడ్యూల్ ఎ లైన్ 8ఎలో పడిన అంకెని రెండు ఫారాల మొత్తంతో సరిచూడండి.

హెలాక్ (ఇంటి తనఖా మీద కావాల్సినప్పుడు వాడుకునే లోన్) తీసి వంటగది కొత్తగా కట్టించుకుంటే ఆ వడ్డీ చెల్లుతుంది. అదే డబ్బుతో హైదరాబాద్‌లో ప్లాటు కొన్నా, కారు కొన్నా, పెళ్లి చేసినా ఇంటి వడ్డీ కింద చెల్లదు. కాంట్రాక్టర్ బిల్లులు దాచుకోండి.

ఇండియాలో ఫ్లాట్ ఉండి, అద్దెకివ్వకుండా రెండో ఇల్లుగా ఉంచుకుని, లోన్ ఆ ఫ్లాట్ తనఖా మీదే ఉంటే, ఆ వడ్డీ లైన్ 8బిలో చూపించొచ్చు. రెండిళ్ల బాకీ కలిపి అదే 7.5 లక్షల పరిమితి. మున్సిపాలిటీకి కట్టిన ఇంటి పన్ను మాత్రం చూపించకూడదు. అద్దెకిస్తే లెక్క అద్దె ఆదాయం చూపించే ‘షెడ్యూల్ ఇ’ ఫారానికి వెళుతుంది.

హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) ఫీజు, ఇన్సూరెన్స్, అసలు కింద కట్టిన సొమ్ము చెల్లవు. పీఎంఐ (లోన్ ఇచ్చినవాళ్ల రక్షణకి మీరు కట్టే మార్ట్‌గేజ్ ఇన్సూరెన్స్) డిడక్షన్ 2025కి లేదు, 2026 నుంచి ఆదాయాన్ని బట్టి మళ్లీ వస్తుంది.

లెక్క అటూ ఇటూగా ఉంటే టెక్సస్‌వాళ్లకి ఒక దారి ఉంది. ప్రాపర్టీ ట్యాక్స్ బిల్లు శరదృతువులో వస్తుంది, మామూలుగా జనవరి 31 దాకా గడువు. ఒక బిల్లు జనవరిలో, తర్వాతది అదే ఏడాది డిసెంబర్లో కడితే రెండూ ఒకే రిటర్న్‌లో పడతాయి. మరుసటి ఏడాది స్టాండర్డ్ తీసుకోవచ్చు. ఎస్క్రో ఉంటే ఇది మీ చేతిలో ఉండదు.