పాత ఆర్కేడ్ గేమ్ యంత్రంలో కరెంటు లోపం వెతికే ముందు పాటించవలసిన జాగ్రత్తలు

వెనుక తలుపు తెరిచే ముందు స్విచ్ ఆపితే సరిపోదు; ప్లగ్గును సాకెట్ నుంచి ఊడదీసి, పని చేస్తున్నంతసేపూ అది మీ కళ్లెదుటే ఉండేలా పెట్టుకోవాలి. తలుపు తెరవగానే కరెంటు ఆపవలసిన భద్రతా స్విచ్‌ను పాత యంత్రాల్లో ఎవరైనా పనిచేయకుండా కట్టేసి ఉండవచ్చు, కనుక దానిమీద భరోసా పెట్టుకోకూడదు.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది పిక్చర్ ట్యూబ్. ప్లగ్గు తీసిన తరువాత కూడా దానిపైనున్న రబ్బరు మూత కింద 20,000 వోల్టుల వరకు చార్జి నిలిచి ఉండవచ్చు కాబట్టి, ఆ చార్జిని దింపే పద్ధతిని తెలిసినవారి దగ్గర స్వయంగా చూసి నేర్చుకోనంతవరకు ఆ మూత జోలికి వెళ్లవద్దని గట్టిగా కోరుతున్నాను. ట్యూబు సన్నని మెడకు చేయి తగిలినా అది విరిగిపోవచ్చు. పవర్ సప్లైలోని (యంత్రానికి కరెంటు అందించే భాగంలోని) పెద్ద కెపాసిటర్లను, అంటే చార్జిని నిల్వ ఉంచుకునే భాగాలను కూడా మీటరుతో కొలిచి, వోల్టేజి దాదాపు సున్నాకు దిగిందని నిర్ధారించుకున్నాకే ముట్టుకోవాలి.

ఉంగరాలు, గడియారం తీసేయండి. ఎర్తు వైరు తెగిపోలేదని చూసుకోండి.

ఫ్యూజు పదేపదే పోతోందని ఎక్కువ ఆంపియర్లది వేస్తే వైర్లు కాలి మంటలు లేచే ప్రమాదముంది. సప్లైని మార్చినా, సవరించినా, గేమ్ బోర్డును వెంటనే తగిలించకుండా 5 వోల్టుల లైనును ముందుగా విడిగా కొలవాలి, అది 5.25 దాటితే మళ్లీ దొరకని చిప్పులు దెబ్బతినవచ్చు.